పద్దెనిమిది ప్రశ్నల ఫారం గారికి

మహారాజశ్రీ ఏడీహెచ్‌డీ ఫారం గారికి,

ధ్యాస ఒకచోట నిలవనివ్వని, కుదురుగా కూర్చోనివ్వని ఏడీహెచ్‌డీ జబ్బు నాకుందో లేదో తేల్చే మీ సేవలో, నిన్న మందు మాన్పించే డీఅడిక్షన్ ఓపీలో ఐదు గంటలు గడిపి, పదకొండో ప్రశ్న దగ్గర మిమ్మల్ని బెంచీ మీద వదిలేసి టీకి వెళ్లిపోయిన టోకెన్ నంబర్ 43 రాసుకునే విన్నపం. నేను తిరిగొచ్చేసరికి 51 నడుస్తోంది. "మూడుసార్లు పిలిచానండీ, ఎక్కడికెళ్లారు? ఇంక సోమవారం రండి" అన్నాడు కౌంటర్‌లో కుర్రాడు. నిజం చెప్పాలంటే టీ తాగి రెండు నిమిషాల్లో వచ్చేద్దామనే వెళ్లాను. అక్కడెవరో పాత బండి కార్బరేటర్ విప్పుతుంటే కాసేపు నిలబడ్డాను. కాసేపటికి స్క్రూడ్రైవర్ నా చేతిలో ఉంది.

పదకొండో ప్రశ్నేమిటో గుర్తుందాండీ? చుట్టుపక్కల చప్పుళ్లకి మీ ధ్యాస చెదురుతుందా అని. అప్పుడే బయట ఆ బండి రెయిజ్ చేశాడు. పన్నెండోది ఇంటికొచ్చాక చదివాను: కూర్చోవలసిన చోట కూర్చోకుండా కుర్చీలోంచి లేచిపోతుంటారా?

పనిలో చివరి ముక్క మిగిల్చేస్తారా అని మొదటి ప్రశ్న, అపాయింట్‌మెంట్లు మర్చిపోతారా అని మూడోది, వస్తువులు ఎక్కడో పెట్టి వెతుక్కుంటారా అని పదోది. అయ్యా, ఫారం నింపలేదు, టోకెన్ పోయింది, పిలిస్తే పలకలేదు. ఇంకా టిక్కులెందుకండీ, మీకు నా ఖాళీ కుర్చీ చాలదా? కాళ్లు లేనివాణ్ని మూడో అంతస్తుకి ఎక్కొచ్చి 'నడవలేను' అని సంతకం పెట్టమన్నట్టుంది మీ వరస. మీ తెలుగు సంగతి ఎత్తను. 'అరుదుగా'కీ 'అప్పుడప్పుడు'కీ తేడా ఏమిటని పక్కాయన అడిగితే ఇద్దరం పావుగంట వాదించుకున్నాం.

అవన్నీ పోనివ్వండి. నాకు ఒళ్లు మండింది మీ నెత్తిన ఉన్న మూడు మాటలకి: 'గత ఆరు నెలల్లో'. మందు మానడానికి వచ్చినవాణ్ని గత ఆరు నెలలు ఎలా ఉన్నావంటారా? అందులో నాలుగు నెలలు రోజూ క్వార్టర్. ఒక నెల మానేసి చేతులు వణుకుతూ నిద్ర లేకుండా పడి ఉన్నాను. ఇంకో నెల మళ్లీ మొదలెట్టిన సంగతి మా ఆవిడకి తెలియకుండా సీసాలు దాచడంతో సరిపోయింది. ఈ మతిమరుపు మందుదా, మానినందుకు వచ్చిందా, పుట్టుకతోనే ఉందా అంటే నేనేం చెప్పను? క్రితంసారి డాక్టరుగారూ ఇదే తేల్చారు, ముందు పూర్తిగా మానండి, ఆర్నెల్లు పోయాక దీని సంగతి చూద్దాం అని. నేను మానలేకపోతున్నదే దీనివల్ల కదండీ! క్వార్టర్ పడితేగానీ బుర్ర ఒకచోట కూర్చోదు, బుర్ర కూర్చుంటేగానీ క్వార్టర్ మానలేను. పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కాదు, పెళ్లయితేగానీ పిచ్చి కుదరదు.

బయట జనంలో నూటికి ఇద్దరికో ముగ్గురికో ఉండే జబ్బు, మత్తు మానడానికి వచ్చేవాళ్లలో నలుగురైదుగురిలో ఒకరికి ఉంటుందట. అంటే నిన్న ఆ బెంచీల మీద కూర్చున్న మాలో ఎంతమందో లెక్కేసుకో. 2018లో చాలా దేశాల నిపుణులు కూడి రాశారు కూడా, ఇలాంటివాళ్లని చికిత్సకి వచ్చిన తొలిరోజుల్లోనే పరీక్షించండి, రెండింటికీ కలిపి వైద్యం చెయ్యండి అని. నీకు తెలీదా? నీ చుట్టాలే కదా రాసింది! మూడేళ్లలో మూడుసార్లు చేరాను. మూడుసార్లూ మా ఆవిడ గాజులే కదిలాయి. మూడుసార్లూ 'మనోడికి విల్ పవర్ లేదు' అని ఇంటికి పంపించారు. ఆ మూడుసార్లూ నువ్వు ఏ బీరువాలో పడుకున్నావు?

ఇక నీ పక్కింటి మెథైల్‌ఫెనిడేట్ గారి, అదే ఈ జబ్బుకిచ్చే మాత్ర గారి, దర్జా చూడాలి. షెడ్యూల్ ఎక్స్ అనే గట్టి కట్టడి మందుల జాబితాలో ఉందట, రెండు చీటీలు రాయించుకు రావాలట, ఒకటి షాపువాడు రెండేళ్లు దాచుకుంటాడట. తాగుబోతువి, నీకు అది రాయాలంటే ఆలోచించాలి అన్నారు. సరే, ఆలోచించండి. ఆ మందుకి ఇన్నేళ్లలో ఎవడూ ఒక్క చీటీ అడగలేదు, ఈ మందుకి రెండు.

అయినా నీ మీద పూర్తిగా కోపం తెచ్చుకోలేకపోతున్నాను. నాకు పన్నెండేళ్లు రాకముందు సంగతులు చెప్పేవాళ్లని తీసుకురమ్మన్నారని, నలభై నాలుగేళ్లవాణ్ని, నిన్న మా అమ్మని వెంటబెట్టుకొచ్చాను. ప్రోగ్రెస్ కార్డులు చెదలు తిన్నాయిగానీ ఆవిడకి అన్నీ గుర్తే. 'ఒళ్లు దగ్గర పెట్టుకుని చదవమనండి' అని మా లెక్కల మాస్టారు ఏటా చెప్పేవారట. ప్రశ్నలు పైకి చదువుతున్నాను. ఆరోది వచ్చింది, లోపల మోటారు తోలుతున్నట్టు ఆగకుండా ఏదో ఒకటి చేస్తూనే ఉంటారా అని. అమ్మ విభూతి డబ్బా మూత పెడుతూ, "మీ నాన్న కూడా అంతేరా. అన్నం ముందు కూర్చుని నాలుగు ముద్దలు తిని లేచిపోయేవాడు. రాత్రి తాగొస్తేనే ఒకచోట పడుండేవాడు" అంది.

నాన్న 1996లో పోయారు, లివర్‌తో. మద్యనిషేధం నడుస్తున్న రోజులు, అయినా ఆయనకి రోజూ దొరికింది. అది దొరికిందిగానీ నువ్వు దొరకలేదు.

ఆ తర్వాత ఏడు నుంచి పది దాకా ఏం టిక్కు పెట్టానో నాకే తెలీదు. నిన్ను అమ్మ మడతపెట్టి సంచిలో వేసుకొచ్చింది కాబట్టి సరిపోయింది.

సోమవారం వస్తాం. అమ్మ, టోకెన్ తన దగ్గర పెట్టుకుంటానంది. కౌంటర్ దగ్గర దారం కట్టిన పెన్ను బెంచీ దాకా రావట్లేదు, ఆ దారం రెండు మూరలు పెంచమను.

ఇట్లు,
టోకెన్ నం. 43 (పోయింది)