సవరణ: పిల్లలకు రాసిచ్చిన భూమి గురించి

వరంగల్ చుట్టుపక్కల పల్లెల్లో, పిల్లలు హైదరాబాద్‌కూ గల్ఫ్‌కూ వెళ్లిపోగా ఒంటరిగా మిగిలిన వృద్ధుల గురించి గత వారం రాస్తూ, కొడుకులు చూడకపోతే వారికి రాసిచ్చిన ఏ భూమినైనా ఆర్డీవో దగ్గర దరఖాస్తు పెట్టి వెనక్కి తీసుకోవచ్చని చెప్పాను. అది తప్పు.

ఒక వకీలు మిత్రుడు చెప్పాక చట్టం చదివాను. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం, 2007లోని 23వ సెక్షన్ ప్రకారం, ఆ చట్టం అమల్లోకి వచ్చిన తర్వాత, తమ కనీస అవసరాలు చూసుకోవాలన్న షరతు మీద ఇచ్చిన ఆస్తికే ఆ రక్షణ వర్తిస్తుంది. షరతు ఉందని రుజువు కావాలని 2022లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. మా ఊరి పెద్దమ్మ పెట్టెలోంచి తీసి చూపిన కాగితంలో ‘ప్రేమాభిమానాలతో’ అని ఉంది గానీ, తిండి మాట, మందుల మాట ఎక్కడా లేదు.

తమను తాము పోషించుకోలేని తల్లిదండ్రులు పిల్లల నుంచి నెలనెలా పోషణ ఖర్చు కోరే హక్కు మాత్రం వేరు. దానికి భూమి రాసిచ్చి ఉండనక్కరలేదు.