2015లో మీ ఎంపీ ఎటు ఓటేశారు?

ఇక్కడ ఆస్ట్రేలియాలో ఉగాదికో బతుకమ్మకో మన వేదికెక్కే ఎంపీగారిని వీసాల గురించి అడుగుతాం, గుడి స్థలం గురించి అడుగుతాం. ఆస్ట్రేలియన్ బోర్డర్ ఫోర్స్ చట్టం మీద ఎటు ఓటేశారని మాత్రం అడగం. ఇంతమంది డాక్టర్లు, నర్సులు ఉన్న సమాజంగా అది అడిగి తీరాలి.

2015లో ఆ చట్టం వచ్చినప్పుడు దాని 42వ సెక్షన్ ప్రకారం, శరణార్థుల డిటెన్షన్ సెంటర్లలో పనిచేసే ఉద్యోగులు, కాంట్రాక్టు సిబ్బంది పనిలో తెలిసిన విషయం బయటపెడితే రెండేళ్ల దాకా జైలు ఉండేది. అనుమతి లేకుండా రాసిపెట్టుకున్నా నేరమే అయ్యేది. ప్రాణానికో ఆరోగ్యానికో తీవ్రమైన ముప్పు ఉంటే చెప్పవచ్చని 48వ సెక్షన్ అంటుంది. కానీ ముప్పు తీవ్రమైనదో కాదో తేల్చుకోవాల్సింది చెప్పేవారే. పిల్లాడు తిండి మానేశాడన్నది ఆ కొలతకు సరిపోతుందా? జైలు భయం ఉన్నచోట ఎవరైనా ముందు మౌనంగానే ఉంటారు. 2013 నాటి ప్రజాప్రయోజన వెల్లడి చట్టం రక్షణ ఇస్తుంది కదా అంటారు. అది కూడా సాధారణంగా ముందు సొంత శాఖలోనే ఫిర్యాదు చేయమంటుంది.

2015 జూలై 1న చట్టం అమల్లోకి వచ్చిన రోజే నలభై మందికి పైగా డాక్టర్లు, టీచర్లు, ఇతర సిబ్బంది తమ మీద కేసు పెట్టుకోమంటూ బహిరంగ లేఖ రాశారు. 2016లో ‘డాక్టర్స్ ఫర్ రెఫ్యూజీస్’ ఆస్ట్రేలియా అత్యున్నత న్యాయస్థానమైన హైకోర్టుకెక్కాక, ఆ సెప్టెంబరు నెలాఖరున ఇమ్మిగ్రేషన్ శాఖ వైద్య సిబ్బందిని మినహాయించింది. టీచర్లు అలాగే ఉండిపోయారు. 2017 సవరణ నేరం పరిధిని కుదించి, 2015 జూలై 1 నుంచే వర్తింపజేసింది. ఇదంతా డాక్టర్లు కోర్టుకెక్కి సాధించిందే. పార్లమెంటు తనంతట తాను మనసు మార్చుకోలేదు.

అందుకే 2017 ఓటు చూపించి 2015 ఓటును మరిపించనివ్వకూడదు. 2015లో అధికార కూటమి, లేబర్ కలిసి బిల్లును నెగ్గించాయి. గ్రీన్స్ వ్యతిరేకించారు.

రికార్డు చూసేటప్పుడు ఒక చిక్కుంది. మూజువాణి ఓటుతో ముగిస్తే పార్లమెంటు చర్చల అధికారిక రికార్డైన హాన్సార్డ్‌లో ఎవరి పేరూ ఉండదు. డివిజన్, అంటే సభ్యులను లెక్కపెట్టే ఓటు, అడిగినా, ప్రతినిధుల సభలో ఒక పక్షాన నలుగురో అంతకన్నా తక్కువో ఉంటే లెక్కింపు ఆపేస్తారు. ఆ కొద్దిమంది పేర్లే నమోదవుతాయి. రెండు పెద్ద పార్టీలు ఒకవైపు చేరినప్పుడు జరిగేది ఇదే. కాబట్టి పేరు కనబడనంత మాత్రాన మీ ఎంపీ తప్పుకున్నట్టు కాదు. గైర్హాజరీ కూడా ఒక్కోసారి ఎదుటి పక్షంలో ఒకరూ ఓటెయ్యకుండా ఉండేలా జత కుదుర్చుకున్నదే. సవరణల మీద పడిన ఓట్లను, రెండో పఠనం (బిల్లు ఉద్దేశం మీద), మూడో పఠనం (తుది ఆమోదం మీద) ఓట్లను విడివిడిగా చూడండి.

2015కు ముందు నుంచీ సభలో ఉన్న ఎంపీకైతే బిల్లు పేరు, సంవత్సరం, ఏ దశ ఓటో రాసి ఉత్తరం పంపండి. ‘అది పార్టీ నిర్ణయం’ అని జవాబొస్తే, పార్టీ సమావేశంలో మీరేం మాట్లాడారని మళ్లీ రాయండి.