సవరణ: సివీసీఆర్‌ఎంకు "పైసా ఖర్చుండదు" అన్న మాట గురించి

స్వచ్ఛంద సంస్థలు దాతల, సభ్యుల, కార్యకర్తల వివరాలు భద్రపరుచుకునే సాఫ్ట్‌వేర్ అయిన సివీసీఆర్‌ఎం గురించి మొన్న రాసినప్పుడు రెండు తప్పులు దొర్లాయి. వర్డ్‌ప్రెస్ లాంటి వెబ్‌సైట్ వ్యవస్థ ఉంటేనే అది నడుస్తుందన్నాను. కాదు, ఇప్పుడు విడిగా నడిచే స్టాండలోన్ రూపమూ ఉంది.

రెండోది పెద్ద తప్పు. "పైసా ఖర్చుండదు" అని రాశాను. లైసెన్సుకు డబ్బు కట్టక్కర్లేదు, అది నిజమే. కానీ సర్వర్ అద్దె, బ్యాకప్పులు, నెలనెలా వచ్చే కొత్త వెర్షన్‌కు మారడం, ఇవన్నీ ఎవరో ఒకరు చూసుకోవాలి కదా! ఆ వెర్షన్లు తెచ్చే చిన్న కోర్ బృందం కూడా సభ్యత్వాలు, భాగస్వామి సంస్థలు ఇచ్చే డబ్బుతోనే చాలావరకు నిలబడుతోంది. నా మాట నమ్మి బడ్జెట్‌లో సున్నా వేసుకున్నవాళ్లు దయచేసి మార్చుకోండి. వీలైతే సివీసీఆర్‌ఎం సభ్యత్వానికీ కొంత కేటాయించండి.