బీచ్ చెక్క మాహాత్మ్యం

బీచ్ అనే చెట్టు చెక్కతో చేసిన డ్రమ్ కిట్ గురించి మాట్లాడేముందు కళ్ళు సగం మూయాలి. తర్వాత "వెచ్చదనం" అనాలి. మేపుల్ చెక్క నిండుదనం, బర్చ్ చెక్క పదును కలిస్తే బీచ్ అని తీర్మానించాలి. సస్టెయిన్ (దెబ్బ తర్వాత మోత సాగడం) దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గించి, "పొడుగ్గా ఉంటుంది, కానీ అదుపులో ఉంటుంది" అనాలి. పొడుగ్గా ఉంటూ అదుపులో ఉండటమేమిటని అడిగినవాడు రసజ్ఞుడు కాడు. వాణ్ణి ట్రయాంగిల్ వాయించుకోమని పంపేయాలి.

ఈ పురాణానికి మూలం లేకపోలేదు. 1875లో మొదలైన జర్మన్ కంపెనీ సోనార్, 1970లలో ఫోనిక్ సిరీస్ డ్రమ్ముల గుండ్రటి గుల్లలైన షెల్స్‌ను 9 ప్లైల (ఒకదానిపై ఒకటి అతికించిన పలుచటి పొరల) బీచ్‌తో చేసింది. బరువైన కిట్లు, గొప్పగా మోగేవి. ఆ దేశపు అడవుల్లో బీచ్ విరివిగా పెరుగుతుంది, గట్టిది, ఆవిరి పట్టిస్తే చక్కగా వంగుతుంది. వంపుల కుర్చీలకు వాడేదీ అదే. కుర్చీ సస్టెయిన్ మీద ఇంతవరకు ఎవరూ సమీక్ష రాయకపోవడం తీరని లోటు.

యూరప్ బీచ్ సాంద్రత ఘనపు మీటరుకు సుమారు 710 కిలోలు, హార్డ్ మేపుల్ సుమారు 705. జాంకా గట్టిదనం లెక్కలోనూ రెండూ దాదాపు 6,450 న్యూటన్ల దగ్గరే. ఒకే జాతిలో ఈ చెట్టుకూ ఆ చెట్టుకూ ఉండే తేడా ఇంతకన్నా ఎక్కువ. అయినా ఆ 5 కిలోల్లోంచే వెచ్చదనమంతా పుట్టిందట! పైన బిగించిన హెడ్, అంటే దెబ్బ పడే పొర, 10 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు) సింగిల్ ప్లైయా, 7 మిల్ చొప్పున రెండు ప్లైలా అంటే మాత్రం ఎవరికీ గుర్తుండదు. కర్ర తగిలేది దానికే కదా అనకండి, అది పామరుల వాదన.

అసలు చూసి తరించాల్సింది సస్టెయిన్ పూజా విధానం. కిట్ వస్తుంది. నేల మీద కాళ్ళపై నిలబడే 16 అంగుళాల డ్రమ్, ఫ్లోర్ టామ్ మీద తొలి దెబ్బ పడుతుంది. "ఆహా, బీచ్!" రెండో దెబ్బకి "కాస్త ఎక్కువ మోగుతోందే" అని హూప్ (హెడ్‌ను బిగించే వలయం) పక్కన మోత తగ్గించే జెల్ ముక్క ఒకటి. చాల్లేదు, ఇంకోటి. జెల్ పక్కన టేపు మడత. టేపు మీద ప్లాస్టిక్ రింగు. రింగు మీద చేతిగుడ్డ. కాలితో మోగించే కిక్ డ్రమ్‌లో దిండు, దిండుకు తోడు దుప్పటి. ఆపైన మైకులు, మైకులకు గేట్, దెబ్బ పడిన పావు సెకనులో శబ్దం తెగిపోయేలా. ఇంతా చేశాక బతికి బయటపడిన "టప్" అనే శబ్దాన్ని వీడియోగా ఎక్కించి, "బీచ్ సస్టెయిన్ వినండి" అని శీర్షిక. వినేవాళ్ళు ఇంకా ఘనులు. ఫ్లోర్ టామ్ అసలు స్వరం ఉండే 80 హెర్ట్జ్ పరిసరాల్లో ఫోన్ స్పీకర్ దాదాపు మూగది. అందులోంచి వీళ్ళకు ఎనిమిదో ప్లై స్పష్టంగా వినిపిస్తుంది. తొమ్మిదోది కొంచెం బెరుకుగా ఉందని కూడా రాస్తారు.

షెల్‌కి పనే లేదని కాదు. మందంగా, బిగువుగా ఉన్న షెల్ హెడ్ కదలికను తక్కువ తాగుతుంది. పలచటిది తానూ ఊగి కొంత తీసుకుంటుంది. హెడ్ ఆనే షెల్ అంచు, అదే బేరింగ్ ఎడ్జ్, 45 డిగ్రీల పదునుతో ఉంటే మోత సాగుతుంది, గుండ్రంగా చెక్కితే త్వరగా సద్దుమణుగుతుంది. మందం, అంచు, హెడ్, శ్రుతి ఒకేలా ఉంచి, చెక్క మాత్రం మార్చి, రసజ్ఞుల కళ్ళకు గంతలు కట్టాలి. పోటీకి ఎవరూ రారు.

ఇదంతా నవ్వులాటే, ఒక్కచోట తప్ప. నేర్చుకునే పిల్లాడు పాప్లర్ చెక్క కిట్ ముందు కూర్చుని, టామ్ రేకు డబ్బాలా మోగుతోందని అడుగుతాడు. "పాప్లర్ కదా, అంతే. బీచ్ కొనుక్కో" అంటారు. ఒళ్ళు మండేది ఇక్కడే. ఆ టామ్ కింది హెడ్ కొన్ననాటిది. పై హెడ్ నిండా గుంటలు. హెడ్‌ను బిగించే ఆరు రాడ్లలో రెండు వదులై, వేలితో తిప్పినా తిరుగుతున్నాయి. ఇవేవీ చూడకుండా చెట్టు జాతి మీద తీర్పా? సిగ్గుండాలి! ఆడలేక మద్దెల ఓడు అన్నవాడు కనీసం తన తప్పు దాచుకోడానికి అన్నాడు. వీళ్ళు పక్కవాడి మద్దెల ఓడని తేల్చి, బాగుచేసే కీ జేబులోనే పెట్టుకుని పోతారు.

అరగంట పని అది. హెడ్లు తీసి, ఖాళీ షెల్‌ను చదునైన అద్దం పలక మీద నిలబెట్టి, లోపల లైటు పెట్టండి. అంచు కింద వెలుతురు కారిన చోట హెడ్ సరిగ్గా కూర్చోదు, బీచ్ అయినా అంతే. అంచు బాగుంటే కొత్త హెడ్, హూప్ పెట్టి రాడ్లన్నీ వేళ్ళతో బిగించాలి. తర్వాత కీతో ఎదురెదురు రాడ్లను అర తిప్పు చొప్పున, ముడతలు పోయాక పావు తిప్పు చొప్పున. ప్రతి రాడ్ దగ్గరా హూప్‌కు అంగుళం లోపల తట్టి చూస్తూ, అన్నిచోట్లా ఒకే స్వరం వచ్చేదాకా. రెండు హెడ్లూ ఒకే స్వరంలో ఉంటే మోత బాగా సాగుతుంది. కింది దాన్ని కాస్త పెంచితే తొందరగా తగ్గి స్వరం తేటపడుతుంది. చెక్కలో వెతుకుతున్న ఆ "అదుపు" వెల, కింది హెడ్‌కు ఒక పావు తిప్పు.

ఫ్లోర్ టామ్ అప్పటికీ ముడుచుకునే ఉంటే, ఎవరినైనా దాన్ని నేల మీంచి అంగుళం ఎత్తి పట్టుకోమని కొట్టండి. గాల్లో గుమ్మని, నేల మీద టప్పని మోగితే, మోత కాళ్ళగుండా నేలలోకి పోతున్నట్టే. కాళ్ళ కింద మెత్తటి ఫోమ్ పెట్టండి. పైన తగిలించే చిన్న డ్రమ్, ర్యాక్ టామ్‌లో పైపు షెల్ లోపలికి దూరే బిగింపు ఉంటే, రాడ్ల దగ్గర పట్టి వేలాడదీసే మౌంట్‌కు మార్చండి. అప్పుడూ జెల్ కావాలనిపిస్తే అంటించుకోండి. ఒక్కటే, అదీ అంచు దగ్గర.