సవరణ: ‘ది మిరకిల్ వర్కర్’ నటీమణుల గురించి

హనుమకొండలో మిత్రులతో కలిసి ‘ది మిరకిల్ వర్కర్’ చూసిన రాత్రి రాసిన పోస్టులో, చూపు, వినికిడి లేని హెలెన్ కెల్లర్‌గా పాటీ డ్యూక్‌నూ, ఆమె గురువు ఆన్ సలివాన్‌గా ఆన్ బాన్‌క్రాఫ్ట్‌నూ 1962 నాటి ఆ సినిమా కోసమే కొత్తగా ఎంపిక చేశారని పేర్కొన్నాను. అది తప్పు. విలియం గిబ్సన్ 1957లో టెలివిజన్ కోసం రాసిన ఈ కథ 1959లో న్యూయార్క్‌లోని బ్రాడ్‌వే రంగస్థలంపై నాటకంగా మారినప్పుడే వారిద్దరూ ఆ పాత్రలు ధరించారు. మూడు రూపాలకూ దర్శకుడు ఆర్థర్ పెన్ గారే. సినిమాలో గురువుకూ హెలెన్‌కూ మధ్య భోజనాల గదిలో జరిగే పెనుగులాట, దాదాపు మాటలే లేకుండా, అంత పట్టుగా సాగడానికి ఆ ఘట్టాన్ని రంగస్థలంపై పదేపదే ఆడిన అనుభవమే కారణమని ఇప్పుడు అనిపిస్తోంది. సురభి వారి నాటకాలు చూస్తూ పెరిగిన నేను ఈ సంగతిని ముందే విచారించి ఉండవలసింది, పాఠకులు మన్నించగలరు. ఇద్దరికీ ఆస్కార్ పురస్కారాలు లభించాయన్న మాట మాత్రం సరైనదే.