కుట్లు పడ్డాక యాంటీబయాటిక్ ఎవరి కోసం?

వెన్నెముక ఆపరేషన్ చేయించుకుని ఇంటికి చేరినవాళ్లను చూడటానికి ఎవరు వచ్చినా మందుల గురించి అడగకుండా ఉండరు. "యాంటీబయాటిక్ ఎన్ని రోజులు రాశారండీ?" అసలు రాయలేదంటే వాళ్ల ముఖం మారిపోతుంది. లోపల స్క్రూలు పెట్టారు, రాడ్లు పెట్టారు, ఒక్క మాత్ర కూడా ఇవ్వకుండా పంపేశారా అని ఆశ్చర్యపోతారు. ఆ టెన్షన్ పేషెంటుకు అంటుకుంటుంది. సాయంత్రానికల్లా డాక్టరుకు ఫోన్ వెళుతుంది. వాదించే ఓపిక లేని రోజైతే ఆ డాక్టరు కూడా ఐదు రోజులకు రాసేస్తారు.

నన్నడిగితే, మొదట రాయకుండా పంపినప్పుడు చేసిందే సరైన పని. ఇన్ఫెక్షన్ లేని వెన్నెముకకు ఆపరేషన్ చేసినప్పుడు, ముందుజాగ్రత్తగా ఇచ్చే యాంటీబయాటిక్ పని కోత మూసేసరికి అయిపోతుంది. ఆ తర్వాత మింగే మాత్రలు మన భయానికి వేసుకునే మందు.

ఎందుకంటే గాయంలోకి చేరే సూక్ష్మజీవులు చాలావరకు పేషెంటు ఒంటి మీదివే. చర్మం మీదా ముక్కులోనూ ఉండే స్టెఫిలోకాకస్ ఆరియస్ వాటిలో ముఖ్యమైనది. కోత తెరిచి ఉన్న ఆ కొన్ని గంటల్లోనే అవి లోపలికి దిగుతాయి. అవి దిగే సమయానికి మందు అక్కడి కండలో సిద్ధంగా ఉండాలి. అందుకే కత్తి పెట్టే ముందు గంటలోపు, నరం ద్వారా సెఫాజోలిన్ ఇస్తారు. పెద్దవాళ్లకు మామూలుగా 2 గ్రాములు, బరువు 120 కిలోలు అంతకు మించితే 3 గ్రాములు. ఆపరేషన్ నాలుగు గంటలు దాటినా, రక్తం బాగా పోయినా మధ్యలో మరో డోసు. దాని బదులు వాంకోమైసిన్ అనే మరో యాంటీబయాటిక్ ఇస్తే, అది మెల్లగా ఎక్కించాలి కాబట్టి ఇంకా ముందే మొదలుపెడతారు. ఇదంతా పేషెంటు మత్తులోకి జారుకునే వేళ జరిగిపోతుంది, గుర్తుండదు. ఇచ్చిన మందు కంటికి కనబడలేదు గనక ఏమీ ఇవ్వలేదనుకుంటాం.

ఈ సంగతి కొత్తగా తెలిసిందేమీ కాదు. 1961లో జాన్ బర్క్ అనే సర్జన్ గినీ పందుల చర్మంలోకి సూక్ష్మజీవులను ఎక్కించి, మందును వేర్వేరు సమయాల్లో ఇచ్చి చూశాడు. ముందే ఇస్తే బాగా పనిచేసింది, మూడు గంటలు ఆలస్యమయ్యాక ఇస్తే ఇచ్చినా ఇవ్వకపోయినా ఒకటే. 1992లో అమెరికాలో 2,847 మంది ఆపరేషన్ పేషెంట్లను పరిశీలిస్తే, కోతకు ముందు రెండు గంటల్లోపు మందు పడ్డవాళ్లలో గాయం ఇన్ఫెక్షన్ 0.6 శాతం. కోత పెట్టి మూడు గంటలు దాటాక మొదలుపెట్టినవాళ్లలో 3.3 శాతం. ముహూర్తం దాటితే తర్వాత ఎన్ని రోజులు వాడినా ఆ లోటు తీరదు.

2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, 2017లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ ఇచ్చిన మార్గదర్శకాలు ఈ విషయంలో ఒకే మాట చెప్పాయి: కోత మూసేశాక నివారణ పేరుతో యాంటీబయాటిక్ కొనసాగించవద్దు, గాయంలో ఊరే రక్తం, నీరు బయటికి పోవడానికి డ్రెయిన్ గొట్టం పెట్టినా సరే. డ్రెయిన్ గురించి సర్జన్లు చాలాకాలం తటపటాయించారు. గొట్టం లోపలి నుంచి బయటికి ఉంది, సూక్ష్మజీవులకు అది దారి కాదా అని. న్యాయమైన సందేహమే. 2015లో వెలువడిన ఒక పరిశోధనలో, డ్రెయిన్ పెట్టిన 314 మంది వెన్నెముక పేషెంట్లను రెండు గుంపులు చేసి, ఒకరికి 24 గంటలు, మరొకరికి డ్రెయిన్ తీసేదాకా మందు ఇచ్చి చూశారు. ఇన్ఫెక్షన్లు వరుసగా 12.4 శాతం, 13.2 శాతం. అంటే ఎక్కువ రోజులు వాడినవాళ్లకు ఒరిగిందేమీ లేదు. 24 గంటల వరకు ఇచ్చే సర్జన్లు ఇప్పటికీ ఉన్నారు, దాని మీద నేను పేచీ పెట్టను. డిశ్చార్జ్ కాగితంతో పాటు ఇచ్చే ఐదారు రోజుల మాత్రల మీదే నా అభ్యంతరం.

"మా ఆయనకు వారం రోజులు ఇచ్చారు, ఏమీ కాలేదు" అనేవాళ్లు ఉంటారు. వెన్నెముక ఆపరేషన్లలో ఎక్కువమందికి ఎలాగూ ఇన్ఫెక్షన్ రాదు. రానివాళ్లందరూ ఆ పేరు మాత్రకు కట్టబెడతారు.

సర్జన్ వైపు నుంచి కూడా చూడాలి. స్క్రూల దగ్గర చీము పడితే మళ్లీ ఆపరేషన్, వారాల తరబడి మందు, ఒక్కోసారి పెట్టిన లోహం తీసేయాల్సి రావడం. ఆ కేసు వాళ్ల లెక్కలో పడుతుంది, వాళ్లను నిద్రపోనివ్వదు. అదే యాంటీబయాటిక్ వల్ల పేగుల్లో మంచి సూక్ష్మజీవులు చచ్చి, క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే చెడ్డ సూక్ష్మజీవి పెరిగి, మూడు వారాల తర్వాత తీవ్రమైన విరేచనాలు పట్టుకున్నాయనుకోండి. పేషెంటు వెళ్లేది వేరే డాక్టరు దగ్గరికి. వెన్నెముక సర్జన్‌కు ఆ కబురు అందనే అందదు. ఒక వైపు నష్టం కళ్లెదుట, ఇంకో వైపు నష్టం కనుచూపు మేరలో లేనప్పుడు చెయ్యి ఎటు మొగ్గుతుందో చెప్పక్కర్లేదు. 2019లో అమెరికా మాజీ సైనికుల ఆస్పత్రుల్లోని 79,058 మంది రికార్డులు పరిశీలించారు. అవి గుండె, కీళ్లు, పేగులు, రక్తనాళాల ఆపరేషన్లు, వెన్నెముకవి కావు. అయినా అక్కడ కనిపించింది మనకూ పనికొస్తుంది: నివారణ మందు రోజులు పెరిగేకొద్దీ కిడ్నీ దెబ్బతినడం, ఆ విరేచనాలు పెరిగాయి, గాయం ఇన్ఫెక్షన్లు మాత్రం తగ్గలేదు. పైగా మందుకు లొంగని సూక్ష్మజీవులు మన ఒంటి మీదే మిగులుతాయి. మళ్లీ ఎప్పుడైనా కోత పడితే లోపలికి దిగేది అవే.

"కోర్సు పూర్తి చేయాలి" అనే మాట కూడా మనల్ని కొంత తికమక పెట్టింది. అది ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు చికిత్సకు చెప్పిన మాట. నివారణకు కోర్సు అనేది లేదు. వెన్నెముకకు క్షయ సోకడం వల్లో, డిస్క్‌లో చీము పట్టడం వల్లో ఆపరేషన్ చేస్తే అక్కడ ఇచ్చేది చికిత్స, నెలల తరబడి వాడాల్సి రావచ్చు. కాబట్టి చేతికి మాత్రలు ఇచ్చినప్పుడు అడగాల్సింది ఒక్కటే: "డాక్టరుగారూ, ఇది ఇన్ఫెక్షన్ ఉందని ఇస్తున్నారా, రాకుండా ఇస్తున్నారా?" చికిత్స అయితే చెప్పినన్ని రోజులు వాడాలి. నివారణకు అంటే ఎందుకు అవసరమో మర్యాదగా అడగొచ్చు. ఇది చదివి మీ అంతట మీరే మందు ఆపేయకండి, నేను చెబుతున్నది అది కాదు.

ఇన్ఫెక్షన్ రాకుండా మనవైపు నుంచి చేయగలిగింది చాలావరకు ఆపరేషన్‌కు ముందే ఉంది. షుగర్ అదుపులో పెట్టుకోవడం, సిగరెట్ మానడం అన్నిటికంటే ముఖ్యం. నడుము దగ్గర ఇంట్లో బ్లేడుతో షేవ్ చేసుకుని వెళ్లొద్దు, ఆ చిన్న గాట్లలోనే సూక్ష్మజీవులు చేరతాయి. తీయాల్సి వస్తే ఆస్పత్రిలో క్లిప్పర్‌తో తీస్తారు. చాలామంది పట్టించుకోనిది పెన్సిలిన్ సంగతి. చిన్నప్పుడెప్పుడో దద్దుర్లు వచ్చాయని "నాకు పెన్సిలిన్ పడదు" అని రాయించుకున్నవాళ్లలో పదింట తొమ్మిది మందికి పరీక్షిస్తే అలర్జీ ఉండదు. ఆ ఒక్క మాట వల్ల, పెన్సిలిన్‌కు దగ్గరి జాతిదని సెఫాజోలిన్ పక్కనపెట్టి వేరే మందులు వాడతారు, అలాంటివాళ్లలో గాయం ఇన్ఫెక్షన్లు ఎక్కువగా కనిపించాయి. ఆపరేషన్ తేదీ ఖాయమయ్యేలోపు అలర్జీ పరీక్ష చేయించుకోవడం ఇంటికొచ్చాక వారం మాత్రలు మింగడం కంటే చాలా మేలు.

ఇంటికొచ్చాక చూడాల్సింది గాయాన్ని. తగ్గుముఖం పట్టిన నొప్పి మళ్లీ పెరగడం, కుట్ల దగ్గర ఎర్రబడి తడి ఊరడం, చలితో జ్వరం కనిపిస్తే ఆపరేషన్ చేసినవాళ్లకు వెంటనే ఫోన్ చేయాలి. కాళ్లలో బలం తగ్గినా, మూత్రం ఆగినా ఎమర్జెన్సీకే వెళ్లాలి. బీరువాలో మిగిలిన పాత మాత్రలు మాత్రం ఈలోగా వేసుకోవద్దు. గాయం నుంచి శాంపిల్ తీసి ఏ సూక్ష్మజీవి పెరుగుతోందో తేల్చాలంటే, అంతకుముందు మందు పడకుండా ఉంటేనే ఆ పరీక్ష సరిగ్గా వస్తుంది.