అరవై ఒక్క ప్రశ్నలు, ఒక వంజరం

పేదరికం అంటే చేతిలో డబ్బు లేకపోవడం అని ఇన్నాళ్లూ పొరపాటు పడ్డాను. అరవై దాటాయి, రిటైరయ్యాను, పెన్షను తింటున్నాను. ఇంత బతుకూ అదే మూఢనమ్మకంతో గడిచిపోయింది. మార్చి నెలలో మా మేనల్లుడు బెంగళూరు నుంచి దిగి, ఎంవీపీ కాలనీలోని మా వరండాలో కూర్చుని నా కళ్లు తెరిపించాడు. పేదరికం అంటే స్లైడ్లు లేకపోవడమట. పేదవాడి దగ్గర సరుకు ఉంది, శ్రమ ఉంది, తెలివి కూడా ఉండవచ్చునని ఈమధ్య నిపుణులకు అనుమానం వస్తోందట. లేనిదల్లా ఒక మోడల్.

వాడికి ఇరవై ఆరేళ్లు. నాలుగేళ్లపాటు ఒక కన్సల్టింగ్ కంపెనీలో చేరి, సబ్బుల కంపెనీలకు సబ్బులు ఎలా అమ్ముకోవాలో చెప్పాడు. అది వాళ్లకు ముందే తెలిసి ఉంటుంది కదా అని అడిగితే, "బయటివాళ్లు చెబితేనే నమ్మకం మావయ్యా" అన్నాడు. ఒక రోజు ఉన్నట్టుండి వాడికి జీవితం వెలితిగా తోచింది. మా కాలంలో కుర్రవాడికి ఇలా వెలితి తోస్తే పెళ్లి చేసేవారు. ఇప్పుడు పద్దెనిమిది నెలల ఫెలోషిప్ ఇస్తున్నారు. వ్యాపార నైపుణ్యంతో వర్ధమాన దేశాలను బాగుచేయడం అందులో పని.

"విశాఖపట్నం దేశం ఎప్పుడైంది?" అని మా ఆవిడ వంటింట్లోంచి అడిగింది.

"గ్లోబల్ సౌత్ అత్తయ్యా" అన్నాడు వాడు. ఆవిడ బయటికి వచ్చి వరండాలోంచి దక్షిణం వైపు చూసింది. పక్కింటివాళ్ల నీళ్ల ట్యాంకు కనిపించింది. మేడమీదికెక్కి మెడ సాచితే డాల్ఫిన్ నోస్ కొండ కూడా కనిపిస్తుంది. అంతకుమించి గ్లోబల్ ఏమీ లేదు.

దేశాన్ని బాగుచేయాలంటే ముందు సమస్యను ఎంచుకోవాలి. ఆ పని బీచ్ రోడ్డులోని ఒక కాఫీ హోటల్లో జరిగింది. వాడు, వాడి స్నేహితులు ఇద్దరు, బిల్లు కట్టడానికి నేను. మొదట అరకు కాఫీ రైతుల పేరు వచ్చింది. ఆ కాఫీయే తాగుతూ ఆ రైతుల గురించి అంత బాధపడటం నేను ఎన్నడూ చూడలేదు. కానీ ఆ సమస్య అప్పటికే చెయ్యిదాటిపోయింది. గిరిజన సహకార సంస్థ 1956 నుంచీ ఈ ఊళ్లోనే ఉంది. 2017లో పారిస్‌లో అరకు కాఫీ దుకాణం తెరిచారు. 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చేసింది. ఇతరులు ముట్టుకున్న సమస్య మీద మన పేరు ఎలా రాసుకుంటాం? పైగా ఘాట్ రోడ్డు మలుపుల్లో ఒక కుర్రవాడికి వాంతులట. చివరికి ఫిషింగ్ హార్బర్‌లో చేపలమ్మే ఆడవాళ్లు ఎంపికయ్యారు. అరగంట ప్రయాణం, కారు నిలుపుకునే చోటు ఉంది, ఫోటోలో వెనక సముద్రం పడుతుంది.

మా ఇంటికి ఇరవై ఏళ్లుగా చేపలు తెచ్చే ఆవిడ ఒకామె ఉంది. మా ఆవిడ సిఫారసు మీద ఆమే మొదటి లబ్ధిదారు అయింది. తెల్లవారుజామున ఐదింటికి హార్బర్‌కు వెళ్లాం. ఐసు దిమ్మలు నలిగే చప్పుడు, డీజిలు వాసన, వేలం పాటకాడి కేక. ఆ చప్పుడులో పాట ఎవరు పెంచారో, సరుకు ఎవరికి దక్కిందో నాకు అంతుపట్టలేదు. బోర్లించిన తొట్టి మీద కూర్చున్న ఈవిడ మాత్రం గడ్డం అరంగుళం పైకెత్తింది. ఒక తట్ట కానాగంతలు, నాలుగు వంజరాలు ఆమె ముందుకు వచ్చి పడ్డాయి. గాజుల మధ్య అంటుకున్న చేప పొలుసు ఒకటి, లైటు పడినప్పుడల్లా చెమ్కీలా మెరుస్తోంది.

మావాడు ట్యాబ్ తీశాడు. మొత్తం 61 ప్రశ్నలు. అవి హెడ్డాఫీసులో, సముద్రానికి చాలా దూరంలో తయారయ్యాయి.

"అమ్మా, మీ వ్యాపారంలో ప్రధానమైన సవాలు ఏమిటి? ఒకటి నుంచి అయిదు లోపల ఒక అంకె చెప్పండి."

"ఐసు."

"అంకె చెప్పాలమ్మా."

"అంకెలో ఏముంది బాబూ, ఐసే."

ఆమే స్వయంగా నొక్కితే తేలికవుతుందని ట్యాబ్ ఆమె చేతికిచ్చాడు. తడి వేలికి తెర పలకలేదు. కొంగుతో తుడుచుకుని మళ్లీ నొక్కింది. ఈసారి ఒకేసారి పదకొండు ప్రశ్నలు దాటిపోయి, ఆమెకు విదేశీ ఎగుమతులపై మిక్కిలి ఆసక్తి ఉన్నట్టు నమోదైంది.

పెట్టుబడి ఎక్కడిదని అడిగాడు. పొద్దున ఒకతను తొమ్మిది వందలు చేతిలో పెడతాడు, సాయంత్రం వెయ్యి కట్టాలి. మావాడు ఫోనులో లెక్క వేసి నివ్వెరపోయాడు. సాదా వడ్డీ చొప్పున చూసినా ఏడాదికి నాలుగు వేల శాతం దాటింది. తాను ఎంత మోసపోతోందో ఆమెకు జాలిగా వివరించబోయాడు.

"ఆ లెక్క నాకు తెలుసు బాబూ. పొద్దున నాలుగింటికి బ్యాంకు తెరుస్తారా?"

దీనికి ట్యాబ్‌లో గడి లేదు. తట్ట ఉంటే వాసన అని ఆటోవాళ్లు ఎక్కించుకోరని చెప్పింది. దాన్ని 'చివరి మైలు రవాణాలో అంతరం' అని రాసుకున్నాడు. ఆ చివరి మైలును ఆమె ఇరవై ఏళ్లుగా తల మీద చుట్టకుదురు పెట్టుకుని నడుస్తోంది. ఐసు కరిగిపోవడాన్ని 'శీతల గొలుసు లోపం' అని రాసుకున్నాడు. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా తిరిగే వీధుల్లో ఆడవాళ్లు వెళ్లడానికి ఒక మరుగుదొడ్డి ఉంటే బాగుండునంది. అది ఏమీ రాసుకోలేదు. మరుగుదొడ్డి కట్టడానికి కావలసినవి ఇటుకలు, నీళ్లు, కడిగే మనిషి. అందులో నవకల్పన ఎక్కడుంది?

వచ్చినందుకు గుర్తుగా ఒక చిన్న వంజరం కొన్నాడు, 450 రూపాయలు. ఫోనులో చక్రం తిరుగుతూనే ఉంది, డబ్బు మాత్రం కదలలేదు. జేబులో నోట్లు పెట్టుకునే తరం కాదు వాడిది. నేను పర్సు ఇంట్లో మరచి వచ్చాను. "తరువాత ఇద్దువులే బాబూ, తీసుకెళ్లు" అంది. 27వ ప్రశ్న గుర్తొచ్చింది నాకు: 'మీరు ఇతరులకు అప్పు ఇవ్వగల స్థితిలో ఉన్నారా?' దానికి వాడు ముందే 'లేదు' అని నొక్కేశాడు.

ఇంటికి వచ్చి ఆ వంజరం పులుసు తింటూ, వాడు నాకు మహనీయుల చరిత్రలు చెప్పాడు. బంగ్లాదేశ్‌లో మహమ్మద్ యూనస్ అనే అర్థశాస్త్రం ప్రొఫెసరు 1976లో జోబ్రా గ్రామంలో 42 మందికి జేబులోంచి 27 డాలర్లు అప్పిచ్చాడు. ఒక్కొక్కరికి కాదు, అందరికీ కలిపి. అదే 1983లో గ్రామీణ బ్యాంకు అయింది, 2006లో నోబెల్ శాంతి బహుమతి తెచ్చింది. మంచి కథ. దాని రెండో భాగం మన ఉమ్మడి రాష్ట్రంలోనే జరిగింది. 2010 ఆగస్టులో ఒక సూక్ష్మరుణ సంస్థ షేర్లు జారీచేస్తే పదమూడు రెట్లు గిరాకీ వచ్చింది. అప్పుతీసుకున్న ఆడవాళ్ల ఇళ్ల ముందు వసూలుకు బైఠాయించేవాళ్లకు కూడా గిరాకీ అలాగే ఉండేది. ఊళ్లలో ఆత్మహత్యల వార్తలు వచ్చాయి. అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి, వారం వారం వసూళ్లు ఆపించింది. ఈ భాగం వాడి స్లైడ్లలో లేదు. అప్పటికి వాడు ఆరో తరగతి, అర్ధసంవత్సర పరీక్షలు.

నాకు మరీ నచ్చినది దక్షిణాఫ్రికా రంగులరాట్నం. పిల్లలు ఎక్కి తిప్పుతుంటే కింద బోరులోంచి నీళ్లు పైకి వచ్చి ట్యాంకు నిండుతుంది, ట్యాంకు చుట్టూ ప్రకటనలు. ఆట, నీళ్లు, ఆదాయం మూడూ ఒకే ఇరుసు మీద. 2006లో అమెరికాలో దీనికి కోటీ అరవై నాలుగు లక్షల డాలర్లు ప్రకటించారు. తరువాత ఒక ఆంగ్ల దినపత్రిక లెక్క కట్టి చూస్తే, చెప్పినంత మందికి చెప్పినన్ని నీళ్లు అందాలంటే పిల్లలు రోజుకు 27 గంటలు ఆడాలి. పిల్లలకు విసుగు పుడితే ఊరి ఆడవాళ్లే నడుములు వంచి రాట్నం తిప్పుకున్నారు. నా దృష్టిలో తప్పు రాట్నానిది కాదు, రోజుకు ఇరవై నాలుగు గంటలే పెట్టినవాడిది.

ఇక మావాడి పైలట్ ప్రాజెక్టు. ఫోనులో చేప చూసి, ఫోనులో కొని, ఆ చేప ఏ పడవలో వచ్చిందో కూడా తెలుసుకునే యాప్. పేరు పెట్టడానికే మూడు వారాలు పట్టింది. కొత్త ఆర్థిక సంవత్సరం, మొదటి త్రైమాసికం, అన్నీ చూసుకుని ప్రారంభానికి ఏప్రిల్ 15 ముహూర్తం పెట్టారు.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని మరపడవలను సముద్రంలోకి పోనివ్వరు. మొత్తం 61 రోజులు. ప్రశ్నకు ఒక రోజు చొప్పున సరిపోతుంది. ఈ సంగతి నాకు తెలుసు. విశాఖలో చేపలు తినే ప్రతివాడికీ తెలుసు, తినని మా ఎదురింటి ఆయనకు కూడా తెలుసు. ముందే ఎందుకు చెప్పలేదని మీరు అడగవచ్చు. మామూలు జ్ఞానంతో నిపుణుల పనికి అడ్డుపడకూడదన్నది నా నియమం.

ప్రారంభోత్సవానికి వెళ్లాను. హార్బర్ నిండా పడవలు ఒకదానికొకటి ఆనుకుని కట్టేసి ఉన్నాయి. గట్టు మీద మగవాళ్లు వలలు బాగుచేసుకుంటున్నారు. రిబ్బను కట్టడానికి చోటుకు కొరత లేదు. వాడు దిక్కులు చూస్తూ, ఎండు నెత్తళ్లు అమ్ముకుంటున్న మన చేపలావిడ దగ్గరికి వెళ్లి, "ఈ మాట ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు.

"నువ్వు అడగలేదు కదా బాబూ" అంది ఆమె. నిజమే. 61 ప్రశ్నల్లో అది లేదు.

చేతకానివాడైతే అక్కడితో కుంగిపోయేవాడు. మావాడు చదువుకున్నవాడు. రెండు నెలల తరువాత నివేదిక చూస్తే నా కళ్లు చెమర్చాయి. పాడైపోయిన సరుకు: సున్నా శాతం. ఆలస్యంగా చేరిన ఆర్డర్లు: లేవు. ఖాతాదారుల ఫిర్యాదులు: ఒక్కటీ రాలేదు. సముద్ర వనరులపై ఒత్తిడి: గణనీయంగా తగ్గింది. ఒక్క అక్షరం అబద్ధం లేదు.

ఇలాంటి సమర్థత కనిపించినప్పుడే నాకు పాతకాలం మనుషులపై చిరాకు కలుగుతుంది. మధురైలో కంటి డాక్టరు వెంకటస్వామి గారు ఉండేవారు. ప్రభుత్వ ఉద్యోగం నుంచి రిటైరయ్యాక, 58వ ఏట, 1976లో 11 పడకలతో అరవింద్ ఆసుపత్రి పెట్టారు. కీళ్లవాతంతో వంకర్లుపోయిన వేళ్లతో ఆపరేషన్లు చేశారు. అమెరికాలో బర్గర్లు అమ్మే పద్ధతి చూసి, కంటిపొర ఆపరేషన్లు కూడా అలా వరసగా ఎందుకు చేయకూడదనుకున్నారు. డబ్బున్నవాడి ఫీజు లేనివాడి కంటికి సరిపోయేలా చూశారు. ఇదంతా ఎన్ని దశాబ్దాలు! ఆ వయసు వాళ్లకు ఏ ఫెలోషిప్‌లోనూ అర్హత లేకుండా చేయడం మంచిదే అయింది, లేకపోతే ఇలాగే ఆలస్యం చేస్తారు.

అమూల్ పాల కురియన్ గారి సంగతి ఇంకా ఘోరం. 1949లో ఆయన్ను గుజరాత్‌లోని ఆనంద్‌కు పంపింది ఆదర్శం కాదు, ప్రభుత్వ స్కాలర్‌షిప్ బాండు. గడువు ఎప్పుడు తీరుతుందా, ఊరు ఎప్పుడు వదులుదామా అని చూశాడు. పాలు తాగే అలవాటు కూడా లేని మనిషి. అలాంటివాడు పాలరైతుల దగ్గరే ఉండిపోయి, 2012లో కన్నుమూసేదాకా ఆ ఊరివాడే అయ్యాడు. అరవై మూడేళ్లు. పద్దెనిమిది నెలల ఫెలోషిప్‌లు ఎన్ని కలిస్తే అంత అవుతుందో కాగితం మీద లెక్క వేశాను. సరిగ్గా 42. నా మనవి ఏమిటంటే, లోకాన్ని మారుస్తామంటున్న పిల్లల దగ్గర ప్రభుత్వం బాండు రాయించుకోవాలి. ఆదర్శం మీద నాకు అనుమానం లేదు, కానీ బాండు మీద సంతకం ఉంటుంది. ఈ మాట మావాడితో అంటే నవ్వి, సూట్‌కేసు జిప్ లాగాడు. విశాఖ అనుభవాన్ని విస్తరించడానికి వాడిని నైరోబీ పిలిచారు. మా ఆవిడ పాత అట్లాస్ తిరగేసి, నైరోబీకి సముద్రం లేదు కదరా అంది. ఈసారి నిషేధం ఇబ్బంది ఉండదన్నమాట.

జూన్ నెలాఖరులో గేటు దగ్గర చేపలావిడ తట్ట దించింది.

"ఆ బాబు వెళ్లిపోయాడటగా?"

"నైరోబీ వెళ్లాడు."

"అక్కడ చేపలు బాగుంటాయా?"

తెలియదన్నాను. ఆమె కాసేపు ఆగి, వంజరం బాకీ 450 గుర్తు చేసింది. అయిదు వందల నోటు ఇచ్చి, మూడు నెలలైంది కదా, మిగతా యాభై వడ్డీ కింద ఉంచుకోమన్నాను. అప్పటికే కొంగుముడి విప్పుతోంది.

"వడ్డీ నేను కట్టేదే గాని తీసుకునేది కాదండీ" అని యాభై నోటు గేటు దిమ్మ మీద పెట్టి, ఎగిరిపోకుండా దాని మీద ఒక ఐసు ముక్క ఉంచింది. కత్తిపీట వాల్చి, ఒక వంజరం చేతిలోకి తీసుకుని, ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"ముక్కలు పులుసుకా, వేపుడుకా?"